బాబాయి ఫోన్ మోగలేదు

మంగళవారం, రాత్రి

నేను రాసిన యాప్‌లో గాలివాన అలర్ట్ నిన్న నా ఫోన్‌లో మోగింది, బాబాయి ఫోన్‌లో మోగలేదు. నేను చెబితే నాన్న ఈరోజు పొద్దున్నే కూలీలను పిలిచి మా తోటలో మామిడి కోయించేశాడు. రెడ్డిగూడెంలో బాబాయి తోట కాయంతా మధ్యాహ్నం గాలికి నేలపాలైంది.

తప్పెక్కడుందో సాయంత్రం తెలిసింది. రెడ్డిగూడెంలో సిగ్నల్ అంతంతమాత్రమని, తేలిగ్గా డౌన్‌లోడ్ అయ్యేలా ఊళ్లోవాళ్లకి మినిఫై చేసిన, అంటే కోడ్‌ని కుదించిన, చిన్న బిల్డ్ ఇచ్చాను. టెస్టింగ్‌లో నాకు మెసేజ్‌లు చూపించడానికి రాసుకున్న కన్సోల్ లైన్లన్నీ అందులోంచి తీసేయమని, కోడ్‌ని ప్యాక్ చేసే బండ్లర్‌లో సెట్టింగ్ పెట్టాను. అలర్ట్ మోగించే ఫంక్షన్‌ని అలాంటి ఓ లైన్లోనే పిలిచిన సంగతి మరిచిపోయాను; ఆ లైన్‌తో పాటే అలర్టూ పోయింది. నా ఫోన్‌లో ఉన్నది మినిఫై చేయని బిల్డ్. పరీక్షించిందీ దాన్నే.

తప్పు నాదేనని చెప్పేద్దామనే బాబాయికి ఫోన్ చేశాను.

"నా ఫోన్ పాతదైపోయిందమ్మా, నీ యాప్‌ని అనేదేముంది. కొత్తది ఏది కొనమంటావు?" అన్నాడు.

రేపు చూసి చెబుతానన్నాను.