గీత మీద కళ్ళు, కూత మీద చెవి

నాన్నగారూ,

బతికుండగానే మీరు ఒక్క అక్షరం చదవలేదు. పోయి ఏడాదైంది, ఈ ఉత్తరమూ చదవలేరు. అయినా నన్ను బడికి పంపింది మీరే కనుక రాస్తున్నాను.

ఇవాళ ఏటి మధ్య లంక ఇసుకలో చెడుగుడుకు మీ చోట తీర్పరిగా నేను నిలబడ్డాను. "కళ్ళు గీత మీదెట్టు, చెవి కూత మీదెట్టు. మొహాలు చూడకమ్మా" అనేవారు మీరు. అలాగే చేశాను. ఇవాళ్టి ఆఖరి ఆటలో అన్నయ్య ముగ్గుర్ని తాకి వస్తూ, గీతకు జానెడు దూరంలో ఊపిరి పీల్చుకున్నాడు.

"కూత తెగింది. బయటికి రా అన్నయ్యా" అన్నాను.

మన వీధివాళ్ళు మండిపడ్డారు. "బళ్ళో కూత కూడా నేర్పేరేంటమ్మా?"

"ఆయ్, అది నాన్నగారు నేర్పేరండి. కూత తెగింది."

మన వీధి ఓడిపోయింది. అన్నయ్య అన్నం ముట్టలేదు. పొరపాటు పడ్డానని చెప్పమంటోంది అమ్మ. చెప్పను. రేపూ ఆ గీత దగ్గర నేనే నిలబడతాను.