ఎర్ర గీత లేని నోటుబుక్కు

హైదరాబాదు,
శుక్రవారం.

తమ్ముడు నర్సింలుకు అక్క సావిత్రి దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరదలు, పిల్లలు ఎలా ఉన్నారో రాయి. నా బిడ్డ సువర్ణ ఎలా ఉందని మాత్రం నిన్ను అడగను. నువ్వు వచ్చి చెప్పిపోయింది చాలు. ఐదు రోజులు ఆగి రాస్తున్నా నా కోపం తగ్గలేదు.

ఇక్కడ చలి మొదలైంది. మీ బావకు ఫ్యాక్టరీలో ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పని. జొన్నపిండి దొరుకుతుంది కానీ రొట్టె చేస్తే అంచులు పగులుతున్నాయి. మనవైపు నుంచి ఎవరైనా వస్తే ఐదు కిలోల జొన్నలు పంపు. పగలంతా నాకు మాట్లాడే మనిషి లేదు. వచ్చిన కొత్తలో మూడు వారాలు గల్లీ చివరి నల్లా నుంచి నీళ్లు మోశాను. ఒకరోజు పక్కింటి యాదమ్మ నా బిందె పట్టుకొని ఆపింది. "ఏందమ్మా, ఇంటెనక నల్లా ఉండంగ గంత దూరం పోతున్నవ్? పొద్దుపోతలేదా?" అని పడీపడీ నవ్వింది. నలుగురిలో ఉంటే మొదటిరోజే తెలిసేది.

ఇక అసలు సంగతి. పదో తరగతి మధ్యలో ఇక్కడి బడిలో చేర్చుకోవడం కుదరదన్నారు కాబట్టే పిల్లను నారాయణఖేడ్‌లో నీ దగ్గర వదిలాను. పరీక్షల దాకా బడికి పంపుతానని అమ్మ ముందు నువ్వు మాటిచ్చావు. పోయిన ఆదివారం దుకాణానికి బట్టలు కొనడానికి వచ్చి, నా ఇంట్లో అన్నం తిని, చేయి కడుక్కున్నాక చెప్పావు.

"సువర్ణను బడి మాన్పిచ్చిన అక్కా. డెబ్బై మంది లొల్లిల సదువేడ వస్తది? ఇంట్ల ఒక్కతే గైడు ముంగట వెట్టుకొని సదువుతుంది. పరీక్ష ప్రైవేటుగ రాస్తది."

"నన్నొక్క మాటన్న అడిగినవా?" అన్నాను.

"అడిగేదేముంది? నేను గట్లనే పాసైన గదా!" అని దాని లెక్కల నోటుబుక్కు నా ఒళ్లో పడేశావు. "సూడు, బడి మానినంక ఎన్ని పేజీలు రాసిందో! ఒక్క ఎర్ర గీతన్న ఉన్నదా?"

బస్సుకు వేళైందని లేచిపోయావు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మొదటి పేజీ నుంచి చూశాను. పిల్ల ప్రతి పేజీ మీదా తేదీ వేసింది. సగం దాకా సారు ఎర్ర సిరాతో దిద్దిన గుర్తులున్నాయి. ఆ తర్వాత ఇరవై మూడు రోజుల పని ఉంది, ఒక్క ఎర్ర చుక్క లేదు. తప్పులు లేక కాదు తమ్ముడూ, చూసిన మనిషి లేక.

అందులో నీళ్ల తొట్టి లెక్క ఒకటి ఉంది. గుండ్రటి తొట్టి, అర్ధవ్యాసం ముప్పై ఐదు సెంటీమీటర్లు, ఎత్తు నలభై. ఎన్ని లీటర్లు పడతాయి? పిల్ల నూట యాభై నాలుగు అని సరిగ్గానే రాసింది. తర్వాత దాన్ని కొట్టేసింది. ఎందుకంటే గైడులో పదిహేను వందల నలభై అని అచ్చు వేశారు. ఆ జవాబు రావడానికి నలభై ఎత్తును నాలుగు వందలు చేసింది. అంటే నాలుగు మీటర్ల తొట్టి! నీ ఇంటి కప్పులోంచి బయటికొస్తుంది. ఆ డెబ్బై మందిలో ఒక్కరైనా లేచి "సార్, గైడు తప్పు" అనేవారు. నీ ఇంట్లో ఎవరనాలి? పక్కన అంచులో పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసుకుంది: "సారును అడగాలి." అలాంటివి నోటుబుక్కు మొత్తంలో తొమ్మిది చోట్ల ఉన్నాయి. పేజీలు తిప్పి మురిసిపోయిన నీకు ఒక్కటీ కనబడలేదు.

ఏడో తరగతిలో బడి మానిన నాకు తొట్టి సూత్రం ఎలా తెలుసనుకున్నావు? నువ్వు రెండుసార్లు ఫెయిలై ఇంట్లో చదువుకున్న ఏడాది, నా పెళ్లికి ముందు, రోజూ వంట అయ్యాక నీ పుస్తకం పట్టుకొని కూర్చున్నది నేను. ప్రశ్న అడిగేదాన్ని, నువ్వు చెప్పేవాడివి. తప్పు చెబితే "మల్లొక్కసారి చెప్పు" అనేదాన్ని. "నువ్వే చెప్పు పంతులమ్మా!" అని విసుక్కునేవాడివి. అట్లా నూరుసార్లు విన్నాను కాబట్టి నాకూ వచ్చింది. ఊరంతా తిరిగి ఒక్కణ్ణే చదివి పాసయ్యానని చెప్పుకుంటున్నావు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు. ఈరోజు అంటున్నాను. నువ్వు ఒక్కరోజు కూడా ఒంటరిగా చదవలేదు. నా బిడ్డ పక్కన ఎవరు కూర్చున్నారు? నీకు దుకాణం, మరదలికి వంట, అమ్మకు చదువు రాదు.

ఈ నెలాఖరు దాకా హాజరు పట్టీలో పేరు తీసేయరని నువ్వే చెప్పావు. సోమవారం సువర్ణ బడిలో ఉండాలి. నువ్వే వెంట వెళ్లి హెడ్మాస్టరుకు నీ తప్పని చెప్పు, పిల్ల మీదికి నెట్టకు. మంగళవారం పొద్దుటి బస్సుకు నేను వస్తున్నాను. ముందు బడికే పోతాను. పిల్ల అక్కడ కనబడితే నీ ఇంటికొచ్చి టీ తాగుతాను.

అమ్మ పాదాలకు నా దండాలు. మరదలికి చెప్పు, ఆమె మీద నాకు కోపం లేదు.

ఇంకా గైడే గొప్పదనిపిస్తే ఒక పని చెయ్యి. మా ఇంట్లో ఉన్న తొట్టిని టేపుతో కొలిచాను, దాదాపు ఆ లెక్కలో ఉన్నంతే ఉంది. పద్నాలుగు లీటర్ల బకెట్టుతో పదకొండు పోస్తే అంచుకొచ్చింది. అదే బకెట్టు నీ ఇంట్లో ఉంది, అంతే తొట్టి ఉంది, దుకాణంలో టేపు ఉంది. గైడు చెప్పినట్టు నూట పది బకెట్లు పొయ్యి. పట్టేదాకా పోస్తూ ఉండు. ఆ నీళ్లన్నీ నీ ఇల్లంతా పారేలోపు పిల్ల బడికి చేరాలి.

నీతో పాఠం అప్పజెప్పించుకున్న అక్క,
సావిత్రి