ఎదురింటి కోచ్ గారి గడ్డిలో పాతిన బోర్డులు

విశ్వవిద్యాలయ క్రీడా విభాగం డైరెక్టరు గారి దివ్యసముఖమునకు,
బెల్నాప్, ఆర్కన్సా రాష్ట్రం.

అయ్యా,

విషయం: ఇంటర్నెట్‌లో అభిమానులు అరిచినందున ఫుట్‌బాల్ కోచ్ శ్రీ డెన్నిస్ హోలిఫీల్డ్ గారిని తొలగించుట – పునఃపరిశీలన కోరుట – గురించి.

మేపుల్ వీధి నివాసి, తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు, భార్య గతించినవాడు అయిన లెమ్యూల్ ప్రాథర్ అను నేను మనవి చేసుకునేది ఏమనగా:

1. మన జట్టు శనివారం ఓడినచో, ఆదివారం తెల్లారేసరికి కోచ్ గారింటి ముందు గడ్డిలో ఊరు విడిచి పొమ్మనే ఎగతాళిగా "ఈ ఇల్లు అమ్మబడును" అనే బోర్డు ఎవరో పాతిపోవడం తమకు విదితమే. సదరు బోర్డులను వారి పిల్లలు లేచేలోగా నేనే పీకి నా షెడ్డులో పడేసేవాడిని. ఈ పని నాకెవరూ అప్పగించలేదు.

2. సదరు సంగతి అభిమానుల వెబ్‌సైట్‌కెక్కినది. "ఎదురింటి ముసలాడు పీకేస్తున్నాడు, ఈసారి సిమెంటు పోసి పాతండ్రా" అని 'ఉగ్ర ఎలుగు' అనే పేరుతో ఒకరు వ్రాసినారు. ఆ పెద్దమనిషి ఉండేది అలాస్కాలోనట. తమరు పత్రికలవారితో "అభిమానుల గొంతు విన్నాం" అన్నారు. అందులో ఆయన గొంతు ఉన్నది. నాది లేదు. ఆ వెబ్‌సైట్‌లో వ్రాయడం నాకు చేతకాదు.

3. ఆదివారాలు కోచ్ గారు కాఫీ కప్పు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి నా వరండా మెట్ల మీద కూర్చునేవారు.

"పెద్దాయనా, పోయిన వారం బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తించకుండా తన్నించానని తిట్టారు. ఈ వారం తన్నించలేదని తిడుతున్నారు."

"ఆ ఫోను అవతల పారెయ్యవయ్యా."

"నేను పారేసినా మా డైరెక్టరుగారు చదివి వినిపిస్తారుగా" అని నవ్వేవారు.

వారం మొత్తం మీద నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కరే. ఇది అర్జీలో వ్రాయదగిన విషయం కాదని ఎరుగుదును.

4. తొలగింపు జరిగిన కొద్ది రోజులకు మళ్లీ బోర్డు కనిపించగా, ఉద్యోగం పోయినా వదలరా అని ఒళ్లు మండి, దానిని పీకి మోకాలి మీద విరిచితిని. కోచ్ గారి భార్య కార్లా గారు చెప్పులైనా లేకుండా పరుగున వచ్చినారు.

"ప్రాథర్ గారూ, అది మేం పెట్టించిందేనండీ."

విరిగిన ముక్కలు రెండూ ఏరి ఆమె చేతికి ఇవ్వబోయితిని. "పర్లేదులెండి, ఇంకోటి తెచ్చి పెడతారు" అని ఆమే నా భుజం తట్టినారు. ఓదార్పు నాకు కాదు, ఆమెకు దక్కవలసి ఉన్నది.

కావున, వారు సామాను సర్దుకుని వెళ్లిపోయినారని తెలిసి కూడా, వెనక్కి పిలిపించవలసినదిగా ప్రార్థన. అది కుదరని పక్షంలో, రాబోయే కోచ్ గారికి ఆ ఇల్లు చూపించగలరు. పైకప్పు కారదు. వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, కొంచెం ఎక్కువే నిశ్శబ్దంగా ఉంటుంది.

ఈ ముసలివాని మొర తమరు చిత్తగించి, వీలైతే ఒక్క ముక్క జవాబు వ్రాయించవలెను.

తమ విధేయుడు,
లెమ్యూల్ ప్రాథర్

తా.క.: డైరెక్టరుగారూ, నిజం చెబుతున్నాను, నేనెప్పుడూ ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. డెన్నిస్ మంచి కోచో చెడ్డ కోచో నాకు తెలియదు. కొత్తాయన గెలిచినా ఓడినా నాకొకటే. ఎదురింట్లో మనిషి కావాలండీ, అంతే.