బాపు పేరు లేని కాగితాలు

గైబీ నగర్, భివండి,
శనివారం.

బాపుకు,

నీ పెద్దబిడ్డ అరుణజ్యోతి నమస్కారం చేసి రాస్తోంది. ఇక్కడ నీ అల్లుడు, పిల్లలు క్షేమం. సాంచాల మీద నేత నడుస్తోంది. బాగాలేనిదల్లా నా బుర్ర ఒక్కటే. కోరుట్లలో నువ్వు, అమ్మ, చెల్లె శ్రద్ధ, పసిగుడ్డు అందరూ బాగున్నారని నీ ఉత్తరం చదివి సంతోషించాను. పాపకు అమ్మ పేరే పెట్టమని శ్రద్ధకు చెప్పు.

నీ అల్లుడి దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది, బీడీ మాత్రం తగ్గలేదు. ఇక సంస్థ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగావే, ఆ కథ తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

నియమాలు మేమే రాసుకుని వస్తే తర్వాత తాను సరిచూస్తానని వకీలు సాబ్ అన్నాడు. సరేనని ఆ పని ఫోన్‌లోని ఏఐకి అప్పజెప్పాను. సంస్థ ఎందుకు పెడుతున్నారని అడిగింది. "మా బాపు భివండిలోని కనేరిలో ముప్పై ఏళ్ళు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఫోన్‌లో మాట్లాడితే వినపడదు, ఉత్తరాలు రాసుకుంటాం. కార్మికులకు చెవి పరీక్షలు చేయించాలి, అవసరమైనవాళ్ళకు చెవి మిషన్లు ఇప్పించాలి అన్నది ఆయన ఆలోచన" అని రాశాను. గొప్ప ఆలోచన అని మెచ్చుకుని నలభై ఒక్క పేజీలు నా నెత్తిన కుమ్మరించింది. అందులో విదేశీ ప్రయాణాలకు ప్రత్యేకంగా నియమాలు! మనం కళ్యాణ్ దాటితేనే పండగ. సమావేశాలు నెలనెలా మొదటి ఆదివారమట. ఇక్కడ సాంచాలు బంద్ అయ్యేది శుక్రవారమని చెప్పాను. క్షమించమని శుక్రవారం రాసి, రెండు పేజీల తర్వాత మళ్ళీ ఆదివారమే పెట్టింది.

తర్వాత సభ్యుల మధ్య చుట్టరికాలు ఉన్నాయా అని అడిగింది. మనం పిలుచుకునేటట్టే రాశాను. అధ్యక్షుడు భూమయ్య మామ, కోశాధికారి యాదయ్య బావ, వెంకవ్వ చిన్నమ్మ, మా బాపు, నేను. అంతే, ఐదుగురూ ఒకే కుటుంబమైతే దాన్ని సేవా సంస్థ అనరని పాఠం మొదలుపెట్టింది. మామది సిరిసిల్ల, బావది మెట్‌పల్లి, ఒకే గల్లీలో ఉన్నందుకు మామలూ బావలూ అయ్యారే తప్ప మాకు ఏ చుట్టరికమూ లేదని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈ సంగతి విని భూమయ్య మామ నవ్వుతాడనుకుంటే మూతి ముడిచాడు.

"ఏందవ్వా, నేను నీకు మామను గానని దానికెట్ల రాసిస్తివి? ఇరవై ఏండ్ల సంది పిలుస్తున్నవు గద!" అని రెండు రోజులు మాట్లాడలేదు. అటు దానికి చెప్పుకోవాలి, ఇటు వీళ్ళకు చెప్పుకోవాలి.

చివరికి అసలు చుట్టాలుగా మిగిలింది మనిద్దరమే. కాగితాల్లో నీ పేరు ఎన్నోది అని కూడా అడిగావు. ఇంతసేపూ ఏఐని తిట్టింది ఆ జవాబు రాయడానికి చెయ్యి రాకనే.

బాపూ, కాగితాల్లో నీ పేరు లేదు. ఒక ఇంటివాళ్ళు ఇద్దరు ఉండకూడదని ఏఐ చెప్పిందని అందరితో అన్నాను. అది అబద్ధం. బయటివాళ్ళు ఎక్కువమంది ఉంటే మీరిద్దరూ ఉండవచ్చు, చుట్టరికం దాచకుండా రాయండి, వకీలును కూడా అడగండి అని అది స్పష్టంగానే చెప్పింది. ఆ పేజీ నేను ఎవరికీ చూపించలేదు.

ఎందుకు చేశానో కూడా రాస్తాను. నువ్వు ఊరికి పోకముందు సంస్థ గురించి మూడుసార్లు కూర్చున్నాం. చెవి మిషన్ గోల చేస్తుందని నువ్వు తీసి జేబులో వేసుకుంటావు. ప్రతి మాటా నీ చెవి దగ్గర మూడుసార్లు అరవాలి. ఒకటి తేల్చి మేము ముందుకు పోయాక, "నన్ను అడగకుంట ఎట్ల జేస్తరు?" అని బల్ల గుద్దుతావు. యాదయ్య బావ నా మొహం చూస్తాడు. నాకు విసుగొచ్చింది, సిగ్గు కూడా వేసింది. నువ్వు లేకపోతే పని తొందరగా అవుతుందనుకున్నాను. అయింది కూడా.

నిన్న శుక్రవారం సంతకాలకు కూర్చున్నాం. వెంకవ్వ చిన్నమ్మ పేర్లన్నీ చదివించుకుని, "దేవయ్య పేరేది?" అని నీ గురించి అడిగింది. ఏఐ ఒప్పుకోలేదన్నాను. ఆమె నా దగ్గరికి జరిగి, కుడి చెవి ఇటు తిప్పి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ అదే చెప్పాను.

"నాగ్గూడ ఎడమ చెవు బంద్ అయింది బిడ్డా. రేపు రెండోది గూడ పోతె గా ఫోను నన్ను గూడ తీసేస్తదా?"

చెవులు పోయినవాళ్ళ కోసం పెట్టుకున్న సంస్థలోంచి నేను మొట్టమొదట తీసేసింది చెవులు పోయిన మనిషినే. ఆ పేజీ తెరిచి అందరికీ చూపించాను. భూమయ్య మామ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ సంతకం చేయలేదు.

కొత్త కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఏ మాటైనా పెద్ద అక్షరాలతో రాసి చూపించాకే తీర్మానం చేయాలని అందులో ఒక నియమం చేర్చాం. అది ఏఐ ఇచ్చింది కాదు, వెంకవ్వ చిన్నమ్మ పట్టుబట్టి రాయించింది. నీ పేరు మొదట ఉంది, నాది చివర. ఇష్టమైతే నీ పేరు పక్కన సంతకం చెయ్యి. నా మీద కోపం తీరకపోతే నా పేరు కొట్టేసి మరీ సంతకం చెయ్యి, నేను మారు మాట్లాడను. నీది మాత్రం కొట్టేయకు బాపూ.

ఇట్లు,
నీ సంతకం వచ్చేదాకా ఎవరి మొహమూ చూడలేని నీ పెద్దబిడ్డ
అరుణజ్యోతి