వల్లారైకి పథ్యం

వాషర్‌మెన్‌పేట్,
జూలై

మా సీతక్కకు,

ఫోన్‌తో పోయేదానికి ఉత్తరమెందుకని నవ్వుకోకు. మా రెండు గదుల ఇంట్లో ఫోన్లో గుసగుసలాడినా అత్తయ్య చెవిన పడుతుంది. ఈ సంగతి నీకొక్కదానికే చెప్పాలి.

బడి తెరిచిన వారానికల్లా క్లాసులో పిల్లల పేర్లన్నీ నాకు నోటికి వచ్చేస్తాయని నీకు తెలుసుగా. మొన్న మొదటి బెంచీలో కూర్చునే షాలినిని లేపబోయి, పేరు గుర్తు రాక నిలబడిపోయాను. వేలు చూపించి నువ్వే, నువ్వే అన్నాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని, "నా పేరు మర్చిపోయినారా టీచర్?" అంది. అమ్మ చివరి రోజుల్లో నన్నే పట్టుకుని ఎవరమ్మా నువ్వు అని అడగలేదూ? నాకింకా యాభై కూడా నిండలేదక్కా. నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది, ఆయన పలకరిస్తే విసుగు. డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిందేమీ లేదు, నెలసరి ఆగిపోయే వయసు, ముందు నిద్ర సరిచేసుకో అంది. నాకు నమ్మకం కుదరలేదు. క్వార్టర్లీ పరీక్షలు కాగానే ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వుకునేదాకా ఉండలేను. ఆయనకింకా చెప్పలేదు.

ఈలోగా ఒకటి చూడాలి. మనం సరస్వతి ఆకు అంటామే, ఇక్కడ తమిళంలో దాన్ని వల్లారై కీరై అంటారు. మెదడుకీ మనసుకీ దాన్ని మించింది లేదని ఆకుకూరలమ్మే రాసాత్తి ఒట్టేసి చెప్పింది. కాకపోతే పథ్యముంది. అది తిన్నన్నాళ్లూ చింతపండు ముట్టకూడదట, ముడితే ఆకు గుణం పోతుందట. డాక్టరమ్మనడిగితే, కూరలా తిను, మందనుకోకు అంది. నిజంగా పనిచేస్తుందా అని నాకు ఒకటే కుతూహలం. కానీ చింతపండు లేకుండా మనింట్లో వంటెలా? డాక్టరు వద్దన్నదని అత్తయ్యతో అబద్ధమాడేశాను.

నీ హైమ


ఆగస్టు

అక్కా,

తొందరపడి ఉద్యోగం మానొద్దని నువ్వు రాసింది చదివాను. మందు సంగతి విను.

తెల్లవారుజామునే వల్లారై కట్ట విప్పి కూర్చుంటాను. కాడ నుంచి ఒక్కొక్క ఆకే గిల్లాలి, ఎడతెగని పని. మొదటిరోజే అత్తయ్య వచ్చి ఎదురుగా చతికిలబడింది. అప్పట్నుంచీ రోజూ ఇద్దరం గిల్లుతాం. తను కొత్తకోడలిగా ఈ వీధికి వచ్చినప్పటి కబుర్లు చెబుతుంది, నా నోటి నుంచి బడి కబుర్లు లాగుతుంది. పచ్చడి నూరేది ఆవిడే. పుల్లగా ఉందేమని అడిగితే టమాటా అంది.

ఆయన చారు లేక ముఖం వేలాడేశారు గానీ, నాకు నిద్ర పడుతోంది. క్లాసులో పేర్లు వాటంతటవే వస్తున్నాయి. నిన్న ఆయన వేసిన పాత జోకుకే నవ్వాను. ఇది ఆకు గుణమా, నా నమ్మకమా? తేల్చుకోకుండా వదలను.

హైమ


సెప్టెంబరు

మా సీతక్కకు,

నా పరిశోధన మట్టిగొట్టుకుపోయింది. రాసాత్తికి కృతజ్ఞతగా ఇంత పచ్చడి పట్టుకెళ్లాను. నాలిక మీద పెట్టుకుందో లేదో, నెత్తి కొట్టుకుంది. నిండా చింతపండేనట.

ఇంటికొచ్చి నిలదీశాను. అత్తయ్య ఏమీ తొణకలేదు.

"చింతపండు లేకుండా అది పచ్చడా ఏంది? నిజంగా డాక్టరు చెప్పుంటే ఏసుందునా? ఇది ఆ రాసాత్తి పత్యమని మొదటిరోజే నాకు తెలుసు. నీ వయసులో నాకూ ఇట్లే అయింది. పొయ్యి మీద పాలు మర్చిపోతా, ఆడ మూల కూచోని ఏడస్తా ఉంటి. నేనూ వల్లారై తిన్నాను, పత్యం తప్పకుండా. ఏమీ బాగవలే."

మరి నాకెలా బాగైంది అత్తయ్యా అన్నాను.

ఆవిడ కట్టలో మిగిలిన ఆకొకటి గిల్లింది. "నాకప్పుడు పక్కన కూచోని ఆకు గిల్లేదానికి ఎవురూ లేకపోయిరమ్మా."

ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆకు గుణమెంతో, ఆవిడ గుణమెంతో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయనకి అంతా చెప్పేశాను. ఉద్యోగం మానడం లేదు. షాలిని పేరు మాత్రం రోజూ అందరికంటే ముందు పిలుస్తున్నాను.

ఇవాళ కూడా ఇద్దరం ఆకు గిల్లాం. చింతపండు నేనే నానబెట్టాను.

నీ చెల్లెలు,
హైమవతి