కంకర దారిలో ముందు వెళ్లేవాడు

అన్నా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. వదిన వద్దంటున్నా వినకుండా ఈ పొద్దున నీ సైకిల్ తీసుకుని, హొసకోటె దాటి దక్షిణ పినాకిని ఏటి లోయలోకి దిగాను. ఆదివారాలు మనం తొక్కిన కంకర దారే. ఇంకా తారు వేయలేదు. నువ్వుంటే పండగ చేసుకునేవాడివి.

రాళ్లు లేచిన చోటల్లా నువ్వు ముందు నుంచి ఎడమ చెయ్యెత్తి "కంకర!" అని అరిచేవాడివి. "నాకూ కండ్లుండాయిలే" అని విసుక్కునేదాన్ని. "ముందు పోయేవాళ్లు చెప్పల్ల పాపా" అనేవాడివి.

ఈరోజు మొదటి మలుపులో నా చెయ్యి దానంతటదే లేచింది. "కంకర!" అని అరిచాను. వెనక ఎవరూ లేరనుకున్నాను. తిరిగి చూస్తే, సైకిల్‌కి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని ఒక పాలాయన వస్తున్నాడు. బ్రేకు పట్టి కాలు ఆనించాడు.

"బాగా చెప్తివమ్మా. లేకుంటే క్యాన్లు పడిపోతా ఉండె" అన్నాడు.

ఆ మెచ్చుకోలు నీది. అందుకే రాస్తున్నాను.

తర్వాత ఆయన నన్ను దాటి వెళ్లాడు. ఏటి దిగుడు దగ్గర చెయ్యెత్తి, "కంకరమ్మా, నిదానం!" అని కేకేశాడు.

ఆ కంకర నాకు ముందే కనిపించింది. అయినా, "సరే అన్నా" అన్నాను.