డోలు లేని ఆట

ఆదివారం రాత్రి

మా డోలు తోలు కోసింది చిన్నాయనే. ఆయనే వాకిట్లో నిలబడి ఒప్పుకున్నాడు. "ఆడోళ్లు డోలు ముట్టొద్దని తాతల కాడి నుంచి ఉన్నది. మీకేంది ఈ పోకడ?"

రేపు ఉసూర్ సంతలో మా ఆడవాళ్ల బృందం మొదటి ఆట. ఆడిపాడడమే కాదు, వాయించడం కూడా మేమే. ఇన్నాళ్లూ మేం ఆడితే డోలు మగవాళ్ల చేతిలో ఉండేది. నేను హక్కులు, సమానత్వం అంటూ కరపత్రం చదివినట్టే అరిచాను. చిన్నాయన నవ్వాడు. "బిడ్డా, నీ కాగితాలు దరువేస్తయా?"

మా బావలిద్దరు తమ డోళ్లతో వస్తామన్నారు. నేను సరే అనబోయాను. మా బృందానికి పెద్దదైన లచ్చత్త అడ్డుపడింది. "వాళ్లు కొడితే ఆట వాళ్లదైతది పిల్లా. రోకలి ముట్టొద్దని ఎవడన్నా అన్నడా? రోకండ్లతోనే దరువేద్దాం."

రోకళ్లతో ఒక్కసారి కూడా సాధన చేయలేదు. ఆ చప్పుడుకు అడుగు కుదరకపోతే సంతంతా నవ్వుతుంది, ఆ తర్వాత ఏ ఇల్లూ ఆడపిల్లను పంపదు. సాయంత్రం మా బృందంలోని సోమమ్మను పిలవడానికి వెళ్తే ఆమె మొగుడు తలుపే తీయలేదు. చిన్నాయన మీద నేను అంతలా అరవకుండా ఉంటే తీసేవాడేమో...

అయినా తెల్లవారగానే ఇంటింటికీ వెళ్లి చెప్తాను: ఏడింటికి బోరింగు దగ్గరికి రండి. రోకలి తెచ్చుకోండి. వెళ్లనా అని ఎవరినీ అడగకండి.